తెల్ల బూడిద మీద మోజు

కొత్తలంకపాలెంలో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపే బులిరెడ్డి ఏ వస్తువునైనా తెలుపు చూసే మెచ్చుకునేవాడు. తప్పంతా ఆయనది కాదులెండి. నలభై ఏళ్లుగా ఆయన అరచేతిలో పోసుకుని చూసింది బియ్యం. ఉప్పుడు బియ్యమైనా సరే, ఎంత తెలుపు తేలితే అంత గిరాకీ. ఆ అలవాటు ముదిరి ఎద్దును కొన్నా, ఉప్పు కొన్నా, ఆఖరికి బెల్లం కొన్నా తెలుపే చూసేవాడు. తెల్ల బెల్లంలో మందు కలుపుతారని ఇంట్లోవాళ్లు మొత్తుకున్నా వినేవాడు కాదు.

ఆ మిల్లులో ధాన్యం ఉడకబెట్టడానికి ఒక బాయిలర్ ఉండేది. దాని పొయ్యిలో ఊకే కట్టె. ఊక కాలితే బూడిద. రోజూ బండ్లకొద్దీ వచ్చే బూడిదను మిల్లు వెనక పోయిస్తూ పోతే కుప్ప ప్రహరీగోడను దాటింది. గాలి వీస్తే చాలు, ఆరేసిన బట్టల మీదా వండుకున్న అన్నం మీదా అదే. ఊరివాళ్లు ఓర్చి ఓర్చి చివరికి పంచాయతీలో పట్టుబట్టారు. నెల రోజుల్లో బూడిదకు దారి చూడకపోతే బాయిలర్ ఆపేయాలని తీర్మానం చేశారు. బాయిలర్ ఆగితే మిల్లు లేదు. మిల్లు లేకపోతే అందులో పనిచేసే నలభై కుటుంబాలకు కూడు లేదు. బులిరెడ్డికి ముద్ద దిగడం మానేసింది.

అప్పుడు కొండలరావు అనే ఆయన వచ్చాడు. కాలువ గట్లకు వేసే సిమెంటు దిమ్మలు తయారుచేస్తాడాయన. సరిగ్గా కాలిన ఊక బూడిదను సిమెంటులో కలిపితే దిమ్మ గట్టిపడుతుందని, మంచిదైతే రోజూ లారీ పంపి కుప్పంతా ఎత్తించుకుపోతానని చెప్పాడు. అయితే ఒక పొయ్యి బూడిద ఉన్నట్టు ఇంకో పొయ్యిది ఉండదట. అందుకని బూడిద, సున్నం కలిపి బిళ్లలు చేసి, తడి గోనె కింద వారం రోజులు ఉంచమన్నాడు. తరువాత తాను వచ్చి నీళ్లలో వేసి చూస్తానన్నాడు.

బులిరెడ్డికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే పొయ్యికి గాలి కొట్టే ఫ్యాను పూర్తిగా పెంచమన్నాడు. మంట భగభగలాడింది. బూడిద మల్లెపువ్వులా తెల్లగా దిగింది. ఆయన దాన్ని చేతిలో పోసుకుని చూసుకుని మురిసిపోయాడు.

పొయ్యిలోంచి బూడిద లాగే పని అచ్చియ్యమ్మది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. తన ఇంటి పొయ్యిగడ్డ, అరుగు కూడా ఆ బూడిదలో సున్నం కలిపే కట్టుకుంది. ఆవిడ ఉండబట్టలేక దగ్గరికి వచ్చింది.

“రెడ్డిగారండీ, ఈ తెల్లది పనికిరాదండీ. మంట మరీ ఎక్కువైతే బూడిదలో పస చచ్చిపోద్ది. నిదానంగా కాలి, బూడిద రంగులో దిగిందే గట్టిపడద్ది. మా అరుగు ఒకసారి తెల్లదాంతో కట్టి చూశానండీ, మొదటి వానకే జారిపోయింది” అంది.

“నలభై ఏళ్లుగా తెలుపు చూస్తున్నవాణ్ణి. నాకు నువ్వు చెబుతావా అచ్చియ్యమ్మా?” అన్నాడు బులిరెడ్డి. ఆ తెల్ల బూడిదతోనే బిళ్లలు చేయించి తడి గోనె కింద పెట్టించాడు.

ఇంకా వాదిస్తే పని పోతుందేమోనని ఆవిడకు భయం. కానీ ఊరికే కూర్చోనూ లేదు. మంట పెంచకముందు దిగిన బూడిద రెండు తట్టలు ఎత్తి ఉంచుకుంది. అందులో సగం కాలిన నలుపంతా జల్లించి పారేసి, మిగిలినదాంతో నాలుగు బిళ్లలు చేసి బాయిలర్ వెనక గోనె కింద పెట్టింది. బులిరెడ్డి అటుగా వెళుతూ వాటిని చూసి, పిడకలు చేస్తున్నావా అని ఎగతాళి చేశాడు.

ఎనిమిదో రోజు కొండలరావు వచ్చాడు. పని ఆపి మిల్లువాళ్లంతా నీళ్ల తొట్టి చుట్టూ చేరారు. బులిరెడ్డి తన తెల్ల బిళ్లను తానే నీళ్లలో వేశాడు. అది పాలలో ముంచిన బిస్కెట్టులా మెత్తబడి, చూస్తుండగానే అడుగున బురదైపోయింది. రెండోదీ అంతే. కొండలరావు వెళ్లడానికి లేచాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సున్నం మంచిది కాదని చెప్పేద్దామని బులిరెడ్డికి నోటిదాకా వచ్చింది. అంతలో చుట్టూ ఉన్న నలభై ముఖాలు కనబడ్డాయి. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డా, ఆ మాట మింగేశాడు.

“ఆగండి కొండలరావుగారూ. తప్పు బూడిదది కాదు, నాది. పని తెలిసిన మనిషి వద్దని చెప్పినా నేను వినలేదు. అచ్చియ్యమ్మా, నీ బిళ్లలు పట్టుకురా” అన్నాడు.

అచ్చియ్యమ్మ గోనె కింద నుంచి బిళ్లను తెచ్చి తొట్టిలో వేసింది. అది రాయిలా మునిగి, రాయిలాగే ఉండిపోయింది. గంటసేపు చూశారు. నీళ్లు తేటగానే ఉన్నాయి. కొండలరావు దాన్ని బయటికి తీసి, నేలమీద పెట్టి, బూటుకాలితో ఎక్కి నిలబడ్డాడు. బిళ్ల చెక్కుచెదరలేదు.

“ఇలాంటి బూడిద ఎంతున్నా నాకే కావాలి రెడ్డిగారూ. కాల్చేది మాత్రం ఈవిడే అయ్యుండాలి” అన్నాడు ఆయన.

మిల్లంతా ఈలలు, చప్పట్లు. అచ్చియ్యమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ రోజు నుంచి పొయ్యి మంట ఎంత ఉండాలో ఆవిడే చెప్పేది, బులిరెడ్డి దగ్గరుండి ఆవిడ మాట జరిపించేవాడు. కొత్తగా దిగినదీ, కుప్పలోంచి ఆవిడ జల్లించి ఇచ్చినదీ లారీలకు ఎక్కాయి. సగం కాలిన నలుపును మళ్లీ పొయ్యిలోనే వేయించింది. గడువుకు మూడు రోజుల ముందే మిల్లు వెనక నేల కనబడింది. పంచాయతీవాళ్లు వచ్చి చూసుకుని తీర్మానం రద్దు చేశారు. ఆ ఏడాది కొండలరావు వేసిన కాలువ గట్టు మీద నలభై కుటుంబాలవాళ్లూ వరసగా నడిచి, ఇది మా మిల్లు బూడిదేనని వచ్చేపోయేవాళ్లకు గొప్పగా చెప్పుకున్నారు.

నీతి: వస్తువు విలువ దాని రంగులో లేదు, అది చేసే పనిలో ఉంది, ఆ విలువ రోజూ దాన్ని చేత్తో పట్టి పనిచేసేవాళ్లకే బాగా తెలుస్తుంది కాబట్టి, వాళ్లు చెప్పినప్పుడు వినాలి.