నవ్వమన్నందుకు

హైదరాబాదులో హేమచంద్ర అనే యువకుడు ఉండేవాడు. కంటికి నచ్చినదల్లా ఎవరినీ అడగకుండా ఫొటో తీసి, వెంటనే నలుగురికీ చూపించుకోవడం అతని బలహీనత. "అడుగుతూ కూర్చుంటే మంచి వెలుతురు పోతుంది" అనేవాడు.

ఒక ఆదివారం అతను, స్నేహితులు నిరుపమ, యూసుఫ్ కలిసి పాతబస్తీ చూడడానికి బయలుదేరారు. అందరూ వెళ్ళే చోట్లు కాకుండా, జనం పెద్దగా తిరగని గల్లీల్లో నడవాలని వాళ్ళ కోరిక. బజారు గోల వెనకబడింది. రెండు పక్కలా పాత ఇళ్ళు, గోడల మీద పావురాలు, ఎక్కడో కుట్టుమిషను చప్పుడు. ముగ్గురికీ హాయిగా అనిపించింది.

ఒక మలుపులో చెక్కడాల తలుపు సగం తెరిచి ఉంది. లోపల రాతి పలకల వాకిలి, మధ్యలో దానిమ్మ చెట్టు కనిపించాయి.

"బయట ఇన్ని చెప్పులున్నాయి. లోపల ఏదో ఉన్నట్టుంది. పిలిచి అడుగుదాం" అంది నిరుపమ.

"అడిగితే వద్దంటారు" అంటూ హేమచంద్ర లోపలికి నడిచాడు.

చెట్టు పక్కన అరుగు మీద ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. ఒళ్ళో మడతపెట్టిన మగవాళ్ళ చొక్కా ఉంది. ముఖం మీద ఏటవాలుగా ఎండ పడుతోంది. హేమచంద్ర ఫోను తీశాడు.

"అమ్మా, ఇటు చూడండి. కొంచెం నవ్వండి!"

ఆమె తల ఎత్తింది. "ఎవరు బిడ్డా?" అంది.

"ఒక్కసారి నవ్వండమ్మా, వెళ్ళిపోతాను."

ఆమె పెదవులు కొద్దిగా కదిలాయి. ఫొటో అద్భుతంగా వచ్చింది. గల్లీ దాటకముందే 'పాతబస్తీ నవ్వు' అని పేరు పెట్టి, దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టేశాడు.

మధ్యాహ్నం హోటల్లో భోజనానికి కూర్చున్నారు. ఫోను నిండా పొగడ్తలే. హేమచంద్ర వాటిని పైకి చదువుతూ ఉబ్బిపోతున్నాడు. వాటి మధ్య ఒక అమ్మాయి ఇలా రాసింది: "ఈమె మా పెద్దమ్మ రాజమణి. మా పెదనాన్న మొన్ననే చనిపోయారు. మగవాళ్ళు బూడిద ఎత్తడానికి శ్మశానానికి వెళ్ళి, ఆడవాళ్ళు లోపలి గదుల్లో ఉన్న సమయంలో మీరు ఈ ఫొటో తీశారు. ఇది చూసి మా చుట్టాలంతా ఆమెను నిలదీస్తున్నారు. అసలు మీరెవరండీ?"

నిరుపమ, యూసుఫ్ కూడా వంగి చదివారు. హేమచంద్ర గబగబా ఇంటర్నెట్ నుంచి ఫొటో తొలగించాడు.

"తీసేశావుగా. క్షమించమని ఒక మాట రాసెయ్. ఇంక ఆ ఇంటి ముఖం ఎలా చూస్తాం?" అన్నాడు యూసుఫ్.

హేమచంద్రకూ అదే మేలనిపించింది. రాశాడు. మెట్రో స్టేషను మెట్ల దాకా వెళ్ళాడు కూడా.

"నువ్వు నవ్వమన్నావని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఆవిడ చెప్పినా నమ్ముతారా?" అంది నిరుపమ.

అతను ఇక మెట్టు ఎక్కలేకపోయాడు. ముగ్గురూ వెనక్కి తిరిగారు.

ఈసారి తలుపు తట్టారు. వాకిలి నిండా మనుషులున్నారు. రాజమణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ఆడపడుచు చేయి తిప్పుతూ అరుస్తోంది: "మా అన్న చితి ఇంకా సల్లారనే లేదు. ఫొటోలకు నవ్వుకుంట కూసున్నవా వదినా?"

"ఆ ఫొటో తీసింది నేను" అన్నాడు హేమచంద్ర. "ఆవిడ తనంతట తాను నవ్వలేదు. నేనే నవ్వమని పట్టుబట్టాను. ఈ ఇంట్లో ఏం జరిగిందో కనుక్కోలేదు. తలుపు కూడా తట్టలేదు."

అందరూ అతనివైపు తిరిగారు. ఒక ముసలాయన లేచి, "మీ ఇంట్ల సావైతే గిట్లనే నవ్వమంటవా?" అని అడిగాడు.

హేమచంద్ర చెవులు మండిపోయాయి. గుమ్మం దగ్గర ఆగిపోయిన యూసుఫ్ మెల్లగా వచ్చి, తలవంచుకుని అతని పక్కన నిలబడ్డాడు.

అప్పుడు రాజమణి నోరు తెరిచింది.

"పిల్లగాడు పోతలేడు. నవ్వితెనన్న పోతడేమో అనుకున్న" అంది. తర్వాత ఆడపడుచు వైపు చూసి, "ఇన్నవా?" అని మాత్రం అడిగి, లోపలికి వెళ్ళిపోయింది. ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

క్షమించానని రాజమణి అనలేదు. అనమని అడగడానికి హేమచంద్రకు నోరు రాలేదు. చేతులు జోడించి బయటికి వచ్చాడు. స్నేహితుల ముఖాలు కూడా చూడలేక, గల్లీ పొడుగునా నేల చూపులతో నడిచాడు.

మన ముచ్చట కోసం ఒకరి గడప దాటేముందు, లోపల ఏ దుఃఖం ఉందో అడిగి తెలుసుకోవాలి. అడగకుండా తీసుకున్నది ఒక నవ్వే అయినా, అది దొంగతనమే.