అలకమందిరం ముందు అర్జీ

ఒకానొక రాజ్యాన్ని చండవిక్రముడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే తనంత న్యాయమూర్తి ముల్లోకాల్లోనూ లేడని ఆయనకు గట్టి నమ్మకం. పక్కనున్నవాళ్లు కాదనేవారూ కారు.

ఏటా రాజుగారి పుట్టినరోజున ఖైదీలు సభకు వచ్చి, శిక్ష తగ్గించమని స్వయంగా మనవి చేసుకోవచ్చు. అది తాతల నాటి ఆచారం. చండవిక్రముడి హయాంలోనూ అది సాగుతూనే ఉంది గాని, ఒక్కరి శిక్షా తగ్గలేదు.

ఆ ఏడు ఈరన్న అనే పడవవాడు వచ్చాడు. ఏళ్ల కిందట రేవులో తగవుపడి, ఒకడి చెయ్యి విరగ్గొట్టి చెరసాల పాలైనవాడు.

“తప్పు నాదే దొరా. కోపం ఆపుకోలేకపోయాను. మా అమ్మకు చూపు తగ్గిపోతోందని కబురొచ్చింది. పూర్తిగా పోకముందే ఒక్కసారి నా మొహం చూపిద్దామని…” అంటూ ఏడ్చేశాడు.

“నన్ను కరిగించడానికి ఏడుస్తున్నాడు. కుదరదు” అన్నాడు రాజు. అతనికి ముందు వచ్చినవాడు ఏడవలేదు. వాడికి పశ్చాత్తాపం లేదని పంపేశాడు.

ఈరన్న వెళ్తూ వెళ్తూ, ద్వారం దగ్గరున్న విదూషకుడు చిట్టిభట్టును “మరెలా అడగాలి సామీ?” అని అడిగాడు. మాటకారి అని పేరున్న భట్టు తల దించుకుని దారి వదిలాడు.

రాజుగారికి మాత్రం ఆ రోజు వేరే చిక్కు ఉంది. పొద్దున్నే రాణి మంజువాణి స్వయంగా మాల కట్టి మెడలో వేస్తే, “మన తోటమాలి ఇంతకంటే బాగా కడతాడు” అన్నాడాయన, చెలికత్తెలందరి ముందూ. రాణి అలకమందిరంలోకి వెళ్లి తలుపేసుకుంది. పుట్టినరోజు భోజనంలో మొదటి ముద్ద రాణి వడ్డిస్తే తప్ప రాజు విస్తరి ముట్టుకోరాదు. సభ ముగిసేసరికి రాజుగారి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

“భట్టూ, నువ్వే ఏదో ఒకటి చెప్పి తలుపు తీయించు” అని బతిమాలాడు.

భట్టు తలుపు తట్టి, రాణి రమ్మంటే లోపలికి వెళ్లి ఆమెతో మాట్లాడాడు. బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు. “మీ మనవి విచారించే పని రాణిగారు నాకు అప్పగించారు ప్రభూ. చెప్పుకోండి.”

“ఏదో నోరు జారాను. ఇంత మాత్రానికే…”

“పశ్చాత్తాపం లేదు. కుదరదు.”

రాజు ముఖం ఎర్రబడింది. కాసేపటికి దిగివచ్చాడు. “సరే, తప్పు నాదే. పాపం, ఎంతో ఇష్టంగా కట్టింది. నేనే బాధపెట్టాను.” చెబుతుంటే నిజంగానే కళ్లు చెమర్చాయి.

“కరిగించడానికి ఏడుస్తున్నారు. కుదరదు.”

“మరెలా అడగాలయ్యా?”

“పొద్దున ఈరన్న నన్ను ఇదే అడిగాడు ప్రభూ. నాకు జవాబు తెలియలేదు. తమకు తెలుస్తుందేమోనని…” భట్టు గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

రాజు మూసిన తలుపుకేసి చూశాడు. “నిజంగా బాధపడుతున్నాడో, నటిస్తున్నాడో నాకెలా తెలుస్తుంది?” అన్నాడు మెల్లగా.

తలుపు తెరుచుకుంది. “నాకూ లోపలినుంచి తెలియలేదు. అందుకే తలుపు తీసి మీ మొహం చూస్తున్నాను” అంది రాణి.

ఈరన్న మాట్లాడినంతసేపూ తాను ఉంగరాలు చూసుకుంటూ కూర్చున్న సంగతి రాజుకు గుర్తొచ్చింది. రాణి ముద్ద వడ్డించబోతే “కాసేపు ఆగు” అని, ఆకలితోనే చెరసాలకు నడిచాడు. ఖైదీలను ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని విన్నాడు. అందరినీ వదల్లేదు. ఈరన్నను మాత్రం ఆ పొద్దే పడవెక్కించాడు.

తిరిగొచ్చి విస్తరి ముందు కూర్చున్నాక రాజుకు నవ్వొచ్చింది. “నా మాటలతోనే నాకు శిక్ష వేశావు కదయ్యా” అంటూ మెడలోని మాల తీసి భట్టుకు వేయబోయాడు.

“వద్దు ప్రభూ. అది నాకిచ్చేస్తే తమరు మళ్లీ ఆ తలుపు దగ్గర నిలబడాలి. ఈసారి నావల్ల కాదు.”

రాజు పగలబడి నవ్వి, తన చేతి కంకణం తీసి భట్టుకు తొడిగాడు. మాల మాత్రం వాడిపోయేదాకా ఆయన మెడలోనే ఉంది.

ఈరన్న ఇల్లు చేరేసరికి వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. గొంతు గుర్తుపట్టి, కొడుకు మొహాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకేసి తిప్పుకుంది. కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది.

“మీసం నెరిసిపోయిందేరా నాయనా” అంది.