తరళ అడిగిన విచారణ

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, సింగారకోన అనే కొండ అడవి ఉండేది. దానికి రాజు దీర్ఘశృంగుడనే కణుజు, అంటే పెద్ద కొమ్ముల దుప్పి. మంత్రి శల్యకుడనే ఏదుపంది. రాజు మంచివాడే. కానీ చెడ్డ కబురు చెవిన పడితే ఆ పూట ఆయనకు మేత సయించేది కాదు.

అందుకని ఆ అడవిలో ఒక ఆచారం పుట్టింది. ఆపద కబురును మొదలు నుంచి చివరి దాకా రుజువుతో తెచ్చిన కాపలాదారుకు నిండు సభలో మోదుగుపూల దండ వేసేవారు. సగం కబురు తెచ్చి అందరినీ ఉత్తపుణ్యానికి పరుగెత్తిస్తే మాత్రం, ఆ ఏడాదంతా సభ ఛాయలకు రానిచ్చేవారు కాదు. చూడటానికి ముచ్చటైన ఆచారమే. అది లోపల ఏం చేస్తోందో ఎవరూ తరచి చూడలేదు.

ఆ అడవిలోనే తరళ అనే జింక ఉండేది. దానికి ఒక్కగానొక్క కూన.

వానలకు ముందు తల్లులందరూ పిల్లల్ని చవుడు నేలకు తీసుకెళ్లి ఉప్పుమన్ను నాకించేవారు. అది నాకకపోతే లేత కాళ్లకు సత్తువ రాదు. ఆ ఏడూ అలాగే వెళ్లారు. పొద్దు పొడిచిన కాసేపటికి పక్కనున్న వెదురుపొదల్లోంచి రేచుకుక్కల మంద ఒక్కసారిగా వచ్చి పడింది. కుక్కలు వెళ్లిపోయాక చూస్తే, ఎందరో తల్లుల పిల్లలు లేవలేదు. తరళ కూన కూడా లేవలేదు.

అడవి భగ్గుమంది. "ఏటి గట్టున కాపలా తీతువు పిట్టదే కదా! నిద్రపోతోందా? తరిమేయండి!" అని అందరూ అరిచారు. రేపు పొద్దున్నే తీతువు అడవి దాటిపోవాలని రాజు ఆజ్ఞాపించాడు. ఆ మాటతో చాలామందికి కోపం చల్లారింది.

తరళకు చల్లారలేదు. తీతువు పోతే రేచుకుక్కలు మళ్లీ రావా? ఈ ప్రశ్న దాన్ని నిలవనివ్వలేదు. నేరుగా మంత్రి దగ్గరికి వెళ్లింది.

"మహామంత్రీ, కుక్కలు వస్తున్నట్టు నిజంగా ఎవరికీ తెలియదా? లేక తెలిసిన కబురే ఎక్కడో ఆగిపోయిందా? సభ పిలిచి విచారించండి" అంది.

"కడుపుకోతలో ఉన్నావు తల్లీ. వెళ్లి కాసేపు పడుకో" అన్నాడు మంత్రి.

కాసేపటికి తరళ మళ్లీ వెళ్లింది. ఈసారి మంత్రి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "మన కాపలాలోని కంతలను నలుగురిలో బయటపెడితే శత్రువు వినడా?" అని గద్దించాడు.

"శత్రువుకు ఆ కంతలు తెలుసు మంత్రిగారూ, వాటిలోంచే వచ్చాడు. తెలియనిది మనకే" అంది తరళ. మంత్రికి అప్పటికప్పుడు ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది.

మూడోసారి తరళ ఒంటరిగా వెళ్లలేదు. తల్లులందరూ కలిసి రాజు ముందు నిలబడ్డారు. "సభ విచారించేదాకా మిగిలిన పిల్లల్ని చవుడు నేలకు పంపం. భయం లేదని ఏలినవారే చెప్పినా పంపం" అన్నారు. ఉప్పు నాకని పిల్లలు వానాకాలం దాటరని రాజుకు తెలుసు. సభ పిలిచాడు.

తీతువును తెచ్చారు. నిజం చెప్పాలంటే, ఆ పిట్టను చూడగానే దాన్ని తొక్కేయాలనిపించింది తరళకు. ఎలాగో తమాయించుకుంది. "నువ్వేం చూశావు?" అని మాత్రం అడిగింది.

"ముందురోజే ఏటి అవతల కొత్త కుక్కలు నీళ్లు తాగుతుంటే చూశాను. ఎటు పోతాయో తెలిశాక చెబుదామనుకున్నాను" అంది తీతువు.

"వెదురుపొద గాలి లేకుండానే ఊగడం నేనూ చూశాను. లోపల ఏముందో కనబడ్డాక చెబుదామనుకున్నాను" అంది చెట్టు మీది కాపలా చూసే కొండముచ్చు.

"ఏ పిట్టదీ కాని ఈల నేను విన్నాను. ఎవరిదో తేలాక చెబుదామనుకున్నాను" అంది పొదల కాపలా చూసే అడవికోడి.

సభ నివ్వెరపోయింది. రేచుకుక్కలు ఈలలు వేసుకునే ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆ మూడు ముక్కలూ ఒకచోట చేరి ఉంటే పాలు తాగే పిల్ల కూడా పారిపోయి ఉండేది! "అయితే ముగ్గుర్నీ తరిమేయండి!" అని మళ్లీ అరుపులు మొదలయ్యాయి.

"ఆగండి!" అంది తరళ. "ఒక్కరు చెప్పకపోతే అది ఒక్కరి తప్పు. ముగ్గురూ నోరు మూసుకున్నారంటే, మూయించిందేదో ఉండాలి. ఎందుకు చెప్పలేదు?"

అడవికోడి అంది: "పోయినేడు నక్క వాసన తగిలి అరిచాను. నక్క రాలేదు. ఏడాదంతా నన్ను వెలివేశారు. నా పిల్లల్ని కూడా ఎగతాళి చేశారమ్మా."

కొండముచ్చు తల దించుకుంది. "అంతా తేల్చి నేనే చెబితే దండ నాకే వస్తుందని..." అంది.

"నాకు ఆ భయమూ ఉంది, ఈ ఆశా ఉంది" అంది తీతువు.

"ఇక చాలు, సభ ముగిసింది!" అంటూ మంత్రి లేచాడు. తరళ కదల్లేదు. రాజు కళ్లలోకి చూసింది. "ఏలినవారూ, ఆ ఆచారం పెట్టిందెవరు?"

రాజు తాను నిలబడ్డ ఎత్తు బండ దిగి వచ్చి, తల్లుల ముందు కొమ్ములు వంచాడు. "నేనే. అబద్ధపు కబురుతో నా మేత చెడకూడదని పెట్టాను. నా మేత నిలిచింది, మీ పిల్లలు పోయారు" అన్నాడు.

దండ పోయింది, వెలి పోయింది. తీతువు మీది శిక్షా రద్దయింది. ఇకనుంచి కాపలాదారులందరూ రోజూ ఒకచోట కూడి, చూసింది చూసినట్టు, సగమైనా సరే, అందరి ముందూ చెప్పాలని సభ తీర్మానించింది.

దానివల్ల అడవి ఎన్నోసార్లు ఊరికే పరుగెత్తింది. మంత్రి సణిగాడు. రాజు మాత్రం అందరికంటే ముందు పరుగెత్తాడు. అలా ఉండగా ఒకనాడు కాపలాదారుల కబుర్లలో ముక్కకు ముక్క కలిసింది. తల్లులు వెంటనే పిల్లల్ని తీసుకుని కొండెక్కేశారు. రేచుకుక్కలు వచ్చి, ఖాళీ చవుడు నేలను వాసన చూసి, వచ్చిన దారినే పోయాయి.

కొండ మీద పిల్లలు గంతులేస్తుంటే, ఎవరిదో కూన వచ్చి తరళ ఒంటికి గుద్దుకుంది. తరళ దాని నుదురు నాకింది. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

"ఈ సభ నా బిడ్డ ఉండగానే కూడి ఉంటే!" అంది.



కీడు జరిగాక ఎవరో ఒకరిని వెళ్లగొడితే కోపం తీరుతుందే గాని ఆపద తీరదు. తప్పు తనదాకా వచ్చినా తలవంచి వినే విచారణే రేపటి బిడ్డను కాపాడుతుంది.