లోపలి రెండంగుళాలు

కుట్టుపని నేర్పే మాణిక్యాంబగారికి ఒక అలవాటుండేది. ఏడాదికొక రోజు శిష్యురాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని, నగరంలో మగవాళ్ళ బట్టలు, బూట్లు అమ్మే ఖరీదైన దుకాణాలన్నీ తిరిగేవారు. కొనడానికి కాదు, పనితనం చూడడానికి. ఆ ఏడు వంతు కనకవల్లికి వచ్చింది.

వల్లి కళ్ళు దేనిమీదా నిలవడం లేదు. ఆమె కొడుకు ప్రణీత్ చదువు మానేసి ఏడాది దాటింది. అయినా రోజూ సంచీ తగిలించుకుని, కాలేజీకని చెప్పి బయల్దేరేవాడు. మొన్న బయటపడింది. అప్పటినుంచీ మేనమామ ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ సాయంత్రం ఆరింటికి ఇంటికి రమ్మని కబురు పెట్టింది.

చేత్తో కుట్టిన బూట్ల దుకాణంలో గురువుగారు తోలు అంచు వేలితో తడుముతుండగా, వల్లి ఉండబట్టలేక అడిగేసింది.

"నువ్వు నా కొడుకువే కాదు, గడప దాటు అని వాడితో చెప్పేస్తానండీ. ఒక్కమాటతో తెగిపోవాలి. తప్పంటారా?"

మాణిక్యాంబగారు బూటు తిరిగి బల్లమీద పెట్టారు. "పద, సూట్లు చూద్దాం" అన్నారు.

ఆ దుకాణం రెండో అంతస్తులో ఉంది. లోపల నిలువుటద్దం ముందు ఒక పెళ్ళికొడుకు ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. ఏడింటికి రిసెప్షన్. ఒంటిమీద నాలుగు నెలల కిందట కుట్టించిన కోటు.

"వెనకవైపు చూడండి, ఒక్క ముడత లేదు. ఎంత శుభ్రంగా కోశారో!" అంది వల్లి మెల్లిగా.

అతను ఇటు తిరిగాడు. గుండీలు అందడం లేదు. రెండు వేళ్ళ ఎడంలో ఆగిపోయాయి.

"సంబంధం కుదిరింది మొదలు విందులే విందులు. కోటు కాదురా, ముందు నీ నోరు కుట్టించాల్సింది" అంది పక్కనే ఉన్న వాళ్ళక్క. ఎవరూ నవ్వలేదు. "విప్పి కాస్త వదులు చెయ్యి మాస్టరూ. టైం లేదు."

కోటు కుట్టిన మాస్టర్ దాన్ని తిరగేసి, లోపలి పట్టు అస్తరు బ్లేడుతో విప్పాడు. పక్క కుట్టు బయటపడింది. కుట్టు దాటి గుడ్డ గోరంత కూడా లేదు.

"లోపల వదల్లేదా?" అక్క గొంతు మారిపోయింది. "రెండంగుళాలు వదలరూ ఎవరైనా?"

"సన్నగా కనబడాలన్నారు కదమ్మా. మడత ఉంటే ఎత్తుగా వస్తుందని అంతా తీసేశాను."

"అయితే అతుకు వెయ్యి."

"ఆ తానే లేదు తల్లీ. ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

పెళ్ళికొడుకు ఉత్త చొక్కాతో కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో ఫోను మోగుతున్నా చూడడం లేదు. మాస్టర్ ఆ కుట్టునే పట్టుకుని సాగదీస్తున్నాడు, సాగితే బాగుండునన్నట్టు. ఎక్కడో పుటుక్కుమని దారం తెగింది. వల్లి ఇక అక్కడ నిలవలేకపోయింది.

మెట్లు దిగుతూ అంది: "పాపం, నాలుగు నెలలు తిరిగేసరికి ఇతను ఇలా అవుతాడని ఆ మాస్టరుకి మాత్రం ఏం తెలుసండీ?"

అప్పుడే ఆమె సంచీలోంచి మోత. తీసి చూసింది. ప్రణీత్. బయల్దేరి ఉంటాడు. పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న మాట నాలుకమీదే ఉంది. ఆమె వేలు కదల్లేదు.

"తెలియదు" అన్నారు మాణిక్యాంబగారు. "తెలియదు కాబట్టేనమ్మా, లోపల రెండంగుళాలు వదిలిపెట్టేది. ముందు ఫోను ఎత్తు."