పుస్తకానికి అవతల

అహోబల స్వామిని ప్రశ్న అడగాలంటే ఆశ్రమంలో అందరికీ బెరుకే. ఆయన కోప్పడతారని కాదు. అడిగినవాడికి ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. వైరాగ్యం అంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి చాలాకాలం గోశాలలో పేడ ఎత్తాడు. అందుకే వేదాద్రి ఆ సాయంత్రం స్వామి పాదాల దగ్గర కూర్చుని, అడగనా మాననా అని తటపటాయించి, చివరికి అడిగేశాడు.

"స్వామీ, వయసు ఒక్కొక్కటే పట్టుకుపోతోంది. పళ్లు పట్టుకుపోయింది, మోకాళ్లు పట్టుకుపోయింది. బదులుగా అది ఇచ్చేదేమైనా ఉందా?"

"ఉండకేం," అన్నారు స్వామి. "రేపు పురాణం మండపంలో వద్దు. పడమటి బండ మీద పెట్టుకుందాం."

ప్రశ్న పెద్దదే గాని, దాని వెనక ఉన్న బాధ కాస్త చిన్నది, కాస్త ఇరుకైనది. వేదాద్రి ఆ ఆశ్రమానికి పౌరాణికుడు. నూనూగు మీసాల నాడు వచ్చి, తల నెరిసేదాకా రోజూ సాయంత్రం అదే వ్యాసపీఠం ముందు కూర్చుని పురాణం చదివి అర్థం చెబుతున్నాడు. చత్వారం వచ్చి కొన్నేళ్లయింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల బారులా కదిలిపోతాయి. కళ్లజోడు కొనుక్కుంటే తీరిపోయేదే. కాని కళ్లజోడుతో పీఠం ముందు కూర్చోవడమంటే ముసలివాణ్ణయ్యానని తనకు తానే దండోరా వేసుకోవడమని అతని భయం. ఆ పీఠం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కుర్ర పండితులు కాచుకుని ఉన్నారని అనుమానం కూడా. పద్యాలన్నీ కంఠతా వచ్చు కనుక, చూసి చదువుతున్నట్టే తల వంచి, సమయానికి ఒక పేజీ తిప్పుతూ నెట్టుకొస్తున్నాడు.

అలాగే నెట్టుకుపోయేవాడేమో. రోజూ పట్టుబట్ట విప్పి పుస్తకాన్ని పీఠం మీద పెట్టే సేవ తిరుమలమ్మది. మొన్న ఒకనాడు ఆమె రెండో సంపుటం పెట్టబోయి పొరపాటున మొదటిది పెట్టింది. వేదాద్రి దాన్ని ముందేసుకుని రెండో సంపుటంలోని ఘట్టమంతా పొల్లుపోకుండా చదివాడు, పేజీలూ తిప్పాడు. మళ్లీ మూటకట్టేటప్పుడు ఆమె తన పొరపాటు చూసుకుంది. ఇంకొకరైతే అతని గుట్టు పట్టేసేవారు. తిరుమలమ్మ మాత్రం లెంపలు వేసుకుని, అయ్యగారు ముట్టుకుంటే ఏ పుస్తకమైనా కావలసిన పుస్తకమైపోతుందని కొండకింద ఊరంతా చెప్పి వచ్చింది. మర్నాటికి మండపం నిండిపోయింది. ముసలీ ముతకా వచ్చి అతని కాళ్లకు మొక్కారు. వేదాద్రి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చూపు తగ్గిందని దాచడం ఒక ఎత్తు, లేని మహిమకు దండాలు పెట్టించుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోది అతనికి నిద్ర పట్టనివ్వలేదు.

చెప్పినట్టే మర్నాడు అందరూ పడమటి బండ మీద చేరారు. తిరుమలమ్మ వేదాద్రి ముందు పీఠం వేసి, పుస్తకం పెట్టి, అందరికంటే ముందు వరసలో చేతులు జోడించుకునే కూర్చుంది. స్వామి కర్ర ఊతతో వచ్చి, వేదాద్రి పక్కనే చతికిలబడి, పుస్తకంలో ఒకచోట వేలు పెట్టారు.

"ఇవాళ పద్యం వద్దు. కింద వ్యాఖ్యానం ఉంది చూడు, అది చదువు."

పద్యం అక్షరాల్లో సగమైనా లేని సన్నటి అక్షరాలు. అవి అతనికి కంఠతా రావు. వేదాద్రి పుస్తకం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా జరిపాడు, చేయి చాచినంతమేరా చాచాడు. ఇక చాచడానికి చేయి లేదు. గొంతు బాగాలేదని చెబితే ఈ పూట గట్టెక్కవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా తిరుమలమ్మ మొహం చూశాక బయటికి రాలేదు.

"అమ్మా, మహిమా లేదు, మన్నూ లేదు," అన్నాడు. "నాకు అక్షరాలు ఆనడం లేదు. కొన్నేళ్లుగా నేను చదవడం లేదు, అప్పజెబుతున్నాను."

ఎవరో దగ్గారు. తిరుమలమ్మ జోడించిన చేతులు మెల్లగా ఒళ్లోకి జారాయి. వేదాద్రి పుస్తకం మూసి, కళ్లకద్దుకుని, పీఠం ముందు నుంచి లేవబోయాడు.

"కూర్చో," అన్నారు స్వామి. "ఏం కనపడటం లేదో చెప్పావు. ఏం కనపడుతోందో కూడా చెప్పు."

వేదాద్రి తల ఎత్తాడు. ఈ ఆశ్రమానికి వచ్చాక, ఈ వేళప్పుడు అతను తల ఎత్తడం అదే మొదలు.

"ఏరు కనపడుతోంది స్వామీ," అని మొదలుపెట్టాడు, అడిగారు కనుక చెప్పాలన్నట్టు. "ఏటి అవతల కొండ. కొండమీద చెట్లు వేటికవే విడివిడిగా ఆనుతున్నాయి. చిటారు కొమ్మలు కూడా. వాలులో బాట ఉంది. బాట వెంట ఆలమంద దిగుతోంది. ముందొక తెల్లావు. వెనక ఒక దూడ ఆగిపోయింది. తల్లి వెనక్కి తిరిగి చూస్తోంది..."

మంద గిట్టల కింద లేచిన దుమ్ములో వాలుపొద్దు పడి, ఆ కొండ వాలంతా ఎర్రగా వెలిగిపోతోంది. ఆ దుమ్ములోంచి ఆవులు ఒక్కొక్కటే బయటపడి ఏటి వైపు వస్తున్నాయి. పురాణంలో మంద ఇల్లు చేరే ఆ సాయంకాలాన్ని అతను ఎన్నో ఏళ్లు చదివాడు, ప్రతి పదానికీ అర్థం చెప్పాడు, విన్నవాళ్లను ఏడిపించాడు. తను మాత్రం ఒక్కనాడూ చూడలేదు. ఇంత పెద్దది రోజూ ఈ వేళకే తన ఎదుట జరుగుతుంటే, తను తల వంచుకుని దాని పేరు చదువుతూ కూర్చున్నాడు.

"గోధూళి," అన్నాడు, ఆ మాట కొత్తగా నేర్చుకున్నవాడిలా. "ఇదేనా స్వామీ?"

జనమంతా వెనక్కి తిరిగి ఏటి అవతలికి చూస్తున్నారు. కొందరు లేచి నిలబడ్డారు. దూడ తల్లిని చేరింది. పొద్దు కుంకింది, దుమ్ము అణిగింది. వేదాద్రి కళ్ల నీళ్లు తుడుచుకోవాలని కూడా అనుకోలేదు.

తిరుమలమ్మ వచ్చి పుస్తకాన్ని పట్టుబట్టలో చుట్టింది. చుట్టి, ముడి వేసి, తల వంచుకునే అడిగింది.

"అయ్యగారూ, రేపు కూడా ఇక్కడే చెబుతారా?"

వేదాద్రి స్వామి వంక చూశాడు. ఆయన అతని భుజం ఊతగా పట్టుకుని లేచారు.

"రేపు కళ్లజోడు తెప్పిస్తాను," అన్నారు. "పుస్తకానికి పెట్టుకో. తల ఎత్తినప్పుడు తీసెయ్."