జానెడు లేచిన తెర

పల్లేరుకాయలు తప్ప పంట ఎరగని బీడు ఒకటుండేది. దాని నిండా రేగు పొదలు. ఒక్కో పొద కింద ఒక్కో కాపురం. కుందేళ్ళు, ఉడుతలు, కౌజు పిట్టలు, అడవికోళ్ళు, ఒకరింట్లో తుమ్మితే ఇంకొకరింట్లో చిరంజీవ అనేంత దగ్గరగా బతికేవి. మాఘం వచ్చిందంటే ఆ బీట్లో రోజుకో పెళ్ళి.

పెళ్ళంటే అడ్డుతెర ఉండాలి కదా. వధూవరుల మధ్య పట్టే ఆ తెరలు నేసేది చెవులపిల్లి వరాలమ్మ. కుందేలుని ఆ పక్క చెవులపిల్లి అంటారు. వరాలమ్మకి చెవులు మరీ పొడుగు, గుండె మరీ చిన్నది. ఎవరొచ్చినా పొద బయటికి రాదు. వచ్చినవాళ్ళు సజ్జలో చిక్కుడుగింజలో పొద మొదట్లో పెట్టి దూరంగా జరిగితే, లోపల్నుంచి ఒక కాలు బయటికొచ్చి తెరని ముందుకు తోసేది. ఆమె పనితనం బీడంతటికీ తెలుసు, ముఖం తెలిసినవాళ్ళు ఏ నలుగురో. మాఘంలో వచ్చిన ఆ గింజలే ఆమెకి ఎండాకాలమంతా తిండి. వైశాఖంలో ఆ బీట్లో గడ్డిపరక కూడా దొరకదు.

ఆ ఏడు మాఘానికి ముందే నక్క పానకాలు కొత్త మాట పుట్టించాడు. ఎండిన వాగులో పెళ్ళిళ్ళ సంత పెడతాడట. తొమ్మిది కొట్లు వేస్తాడట. పసుపు ఒకచోట, పూలు ఒకచోట, పారాణి ఒకచోట. పెళ్ళికూతుళ్ళు తల్లుల్ని వెంటబెట్టుకొచ్చి ఒక్క పూటలో అన్నీ చూసుకుని పోవచ్చట. పొద పొదకీ తిరిగే శ్రమ తప్పుతుంది కదా అని బీడంతా సంబరపడింది. పానకాలు మాంసం మానేసి రెండేళ్ళయిందని, రేగుపళ్ళతో కాలక్షేపం చేస్తున్నాడని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. ఎవరు చెప్పారని ఆరా తీస్తే మాత్రం పానకాలే చెప్పాడని తేలేది.

ఒక పొద్దున పానకాలు వరాలమ్మ పొద దగ్గరికొచ్చాడు. మర్యాదగా దూరంలోనే కూర్చున్నాడు. తోక ముందుకు తెచ్చుకుని కాళ్ళ మీద కప్పుకున్నాడు.

"చెల్లెమ్మా, ఒక కొట్టు నీకని అట్టేపెట్టాను."

పొద లోపల రెండు చెవులు కదిలాయి.

"నీ దగ్గర అద్దె కింద గింజ కూడా ముట్టుకోను. కొట్టుకొకటి చొప్పున తొమ్మిది తెరలు నేసిపెట్టు, వెనకవైపు కడతాను. అదే అద్దె అనుకో."

వరాలమ్మ వెనక తెర ఎందుకని అడిగింది. దుమ్ము రాకుండా అన్నాడు. పొడుగెంత అని అడిగింది. పానకాలు ఒక పుల్ల ముందుకు దొర్లించాడు. ఆ పుల్లంత పొడుగుండాలట, నేలని ఊడ్చుకుంటూ ఉండాలట.

"వేలెడు తగ్గినా ఒప్పుకోను. తొమ్మిదింటినీ గుచ్చడానికి ఒకటే తాడు పేని ఇయ్యి, కట్టడం తేలిక. రానంటావా, నీ ఇష్టం. కానీ పెళ్ళివాళ్ళంతా అక్కడుంటే నీ పొద మొహం ఎవరు చూస్తారు చెల్లెమ్మా? వైశాఖం ఎంతో దూరం లేదు."

అతను పోయాక కూడా వరాలమ్మ గుండె పొద అదిరేలా కొట్టుకుంటూనే ఉంది. నక్క బెదిరించలేదు. ఒక్క కటువైన మాట అనలేదు. ఆమెకి అదే ఎక్కువ భయం వేసింది. నక్క వినయాలని పెద్దలు ఊరికే అన్నారా? కొట్టు తీసుకుంటే ఏమవుతుందో తెలీదు. తీసుకోకపోతే ఏమవుతుందో బాగా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు ఎండెక్కాక, అసలు ఆ చోటేమిటో చూసొద్దామని వణుక్కుంటూ వాగులోకి దిగింది. రెండువైపులా నిట్టనిలువు గట్లు. దిగడానికీ ఎక్కడానికీ కలిపి ఒకటే దారి, అదీ ఇరుకు. కొట్లకి రాటలు పాతేశారు. అవి గట్టుకి ఆనుకుని లేవు. గట్టుకీ కొట్లకీ మధ్య ఒక ఒళ్ళు పట్టేంత సందు వదిలారు. ఆ సందులో నేల నున్నగా ఉంది. ఆకు లేదు, అడుగు లేదు, ఎవరో తోకతో ఊడ్చినట్టు సన్నటి గీతలున్నాయి. వరాలమ్మ ఒంటిమీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. అడుగులు కనబడినా అంత భయపడేది కాదు.

తిరిగొస్తూ కోడిపెట్ట మంగతాయారు దగ్గర ఆగింది. తాయారు పసుపు కొమ్ములు దంచి అమ్ముతుంది. ఏడుగురు పిల్లల తల్లి. ఆమె అప్పుడే మూడో కొట్టు ఖాయం చేసుకుని కూర్చుంది. వరాలమ్మ చూసిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. తాయారు రెక్కలు దులుపుకుని నవ్వింది.

"అక్కా, నీకు భయం వెయ్యని రోజు ఒకటుంటే చెప్పు. ఆ రోజు నీ మాట వింటాను."

"మరి ఆ సందు ఎందుకు తాయారూ?"

"సరుకు పెట్టుకోడానికి. నువ్వు గాలికి ఎండుటాకు దొర్లితే మూడురోజులు అన్నం మానేసిన మనిషివి. నీ భయాలు నమ్ముకుంటే నా పిల్లలకి పెళ్ళిళ్ళు కావు."

సాయంత్రానికి ఈ మాట బీడంతా పాకింది. కౌజు పిట్టలు కూడా నవ్వాయట. వరాలమ్మ పొదలో ముడుచుకుని కూర్చుంది. వాళ్ళ నవ్వుకి ఆమెకి కోపం రాలేదు, ఎందుకంటే తన భయం మీద తనకే నమ్మకం లేదు. పుట్టినప్పట్నుంచీ అన్నిటికీ ఒకేలా కొట్టుకునే గుండె, ఏది నక్కో ఏది గాలో ఎలా చెబుతుంది? పోనీ తను మానేసి ఊరుకుంటే? సంత ఆగదు. తాయారు పిల్లలు ఏడుగురూ ఆ వాగులోనే ఉంటారు. పిరికిదాని మాట ఎవరూ వినరు. చూపించాలి. ఏం చూపిస్తుంది?

అప్పుడామెకి తల్లి మాట గుర్తొచ్చింది. "తెర ముఖాన్ని దాచాలి గానీ పాదాన్ని దాచకూడదే. పాదం దాచిన తెర వెనక పెళ్ళి జరగదు." అందుకే అడ్డుతెర ఎప్పుడూ నేలకి జానెడు పైనే ఉంటుంది. తెర పట్టాక ఆడపెద్ద ఒకామె రాగం తీసి "పాదాలు చూసుకోండమ్మా" అని పిలవడం ఆ బీట్లో ఆచారం. అవతల నిలబడింది అనుకున్నవాడేనా కాదా అని అందరూ వంగి చూసి, ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

నేలని ఊడ్చే తెర వరాలమ్మ తన చేత్తో ఎన్నడూ నెయ్యలేదు. పొట్టిగా నేస్తే పానకాలు పుల్లపెట్టి కొలుస్తాడు. ఏం చెయ్యాలో తోచక ఎదురుగా ఉన్న జనపనార కట్ట వంక చూస్తూ కూర్చుంది. చూసి చూసి, ఆమె చెవులు మెల్లగా పైకి లేచాయి.

నారని ముందు నీళ్ళలో నానబెట్టి, పిండి, ఎండేసి, అప్పుడు నేస్తారు. అలా నేసిన తెర ఇక కుదించుకుపోదు. నానబెట్టని నారతో నేస్తే మొదటి తడికే జానెడు పైకి లేస్తుంది. కొత్త నులక మంచం వానకి తడిస్తే ఎలా బిగుసుకుంటుందో చూశారుగా, అలాగన్నమాట. మాఘం మంచు ఆ వాగులో నీళ్ళు చల్లినట్టే పడుతుంది.

వెనక ఏమీ లేకపోతే, తొమ్మిది పొట్టి తెరలు, నాలుగు చీవాట్లు. ఉంటే? ఆ మాట దగ్గర వరాలమ్మ ఆలోచన ఆగిపోయింది. ఆ రోజే పొడినారతో నేత మొదలుపెట్టింది.

పానకాలు వచ్చి పుల్లపెట్టి కొలిచాడు. అచ్చంగా సరిపోయాయి. అతని ముఖం విప్పారింది. ఏ కొట్టు కావాలని అడిగితే, దారి మొగలో ఉన్న మొదటిది చాలంది. అందరూ నడిమి కొట్ల కోసం కొట్టుకుంటుంటే ఇదేమిటని అతను ఆశ్చర్యపోయాడు.

"నా సంగతి తెలిసిందే కదా అన్నయ్యా. జనం మధ్య ఊపిరాడదు."

పానకాలు నవ్వి సరేనన్నాడు.

సంత రోజు తెల్లవారేసరికి వాగు నిండా మంచు. పక్కన నిలబడ్డవాళ్ళ నడుం కింద ఏముందో కనపడదు. పెళ్ళికూతుళ్ళు, తల్లులు, పిన్నమ్మలు, ఒకళ్ళ తోక ఒకళ్ళు పట్టుకున్నట్టు దిగారు. బేరాలు, ఎత్తిపొడుపులు, పారాణి ఎరుపు చాలదని ఒకరు, పసుపులో పిండి కలిపావని ఒకరు. తాయారు గొంతు అందరికన్నా పైన వినపడుతోంది. వరాలమ్మ మాత్రం మొదటి కొట్లో రాటకి ఒళ్ళు ఆనించి కూర్చుంది. తొమ్మిది తెరలూ గుచ్చిన తాడు కొసని ఆ రాటకే కట్టారు. తడికి బిగిసి అది తంబుర తీగలా అయింది. కొట్టు ముందే, దారికి అడ్డంగా, పానకాలు నిలబడి వచ్చినవాళ్ళని పలకరిస్తున్నాడు. అందరూ దిగాక కూడా అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఏం చెల్లెమ్మా, వణుకుతున్నావు?"

"చలి అన్నయ్యా."

"ఇంకెంతసేపులే. ఎండ రాగానే తగ్గుతుంది."

ఎండ గట్టు మీదికొచ్చింది. మంచు నేల దగ్గర్నుంచి పల్చబడింది. చూడకూడదనుకుంటూనే వరాలమ్మ తన వెనక తెర వైపు చూసింది. అంచు జానెడు పైకి లేచి ఉంది. ఆ జానెడులో రెండు పాదాలు. నల్లటి గోళ్ళు. అందులో ఒక పాదం లేచి రెండోదాన్ని తీరిగ్గా గోకింది.

కాళ్ళు లేచి పారిపొమ్మంటున్నాయి. నక్క దారిలో ఉంటే మాత్రం ఏం, తనలాంటిది ఒక్కతి సందు చూసుకుని దూరిపోగలదు. అరుద్దామంటే గొంతులో గాలి తప్ప మాట లేదు. అంతలో మూడో కొట్లో తాయారు చిన్న పిల్ల తెర దగ్గరికి నడిచింది. కింద నల్లగా మెరుస్తున్న గోరుని చూసి, గింజ అనుకుని, పొడవడానికి మెడ వంచింది.

వరాలమ్మ గొంతు అప్పుడు వచ్చింది.

"పాదాలు చూసుకోండమ్మా."

అది కేక కాదు. పెళ్ళిలో ఆడపెద్ద తీసే రాగమే. అలవాటు ఎంతటిదో చూడండి, ఆ మాట వినగానే సంతంతా ఒక్కసారి నడుం వంచింది, నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న ముఖాలతో. తొమ్మిది తెరల కింద తొమ్మిది జతల పాదాలు. ఒక్కడూ పెళ్ళికొడుకు కాడు.

తాయారు పిల్లని ముక్కున కరుచుకుని ఎగిరింది. మిగతా అందరూ ఒక్కసారిగా దారివైపు దొర్లారు. పానకాలు కోరలు బయటపెట్టి దారికి అడ్డం తిరిగాడు. వరాలమ్మ అటు చూడలేదు. చూస్తే చచ్చిపోతానని తెలుసు. కళ్ళు మూసుకుని రాటకున్న తాడుని కొరికింది. ఒకటి, రెండు.

"నువ్వటే!" అని పానకాలు ఆమె మీదికి దూకడం, బిగిసిన తాడు ఫట్టున తెగడం ఒక్కసారే జరిగాయి. తొమ్మిది తెరలూ తడి బరువుతో తొమ్మిది తలల మీద పడ్డాయి. తెగిన కొస కొరడాలా తిరిగి పానకాలుని మొదటి తెర అంచుతో కలిపి చుట్టేసింది. ఖాళీ అయిన దారిలోంచి పెళ్ళివాళ్ళంతా బయటపడ్డారు. వరాలమ్మ కూడా వాళ్ళలో ఎక్కడో ఉంది.

వాగులో మిగిలింది పానకాలు, తెరల కింద కళ్ళు కనపడక గింజుకునే అతని తొమ్మిదిమంది బావమరుదులు. కొట్టు ముందు ఏదో మూటలా కొట్టుకుంటుంటే, దొరికింది దొరికిందని వాళ్ళంతా దానిమీద పడ్డారు.

"ఒరేయ్, నేనురా, మీ బావనిరా" అని మూట మొత్తుకుంది.

"అందరూ ఆ మాటే అంటారు" అన్నాడు నోటినిండా తోక పెట్టుకున్న ఒకడు.

ఆ తర్వాత పానకాలు ఆ చుట్టుపక్కల కనపడలేదు. కనపడినా సగం తోకతో కాళ్ళు కప్పుకోలేడు.

పెళ్ళివాళ్ళు మళ్ళీ పొద పొదకీ తిరుగుతున్నారు. తాయారు ఒకరోజు పిల్లలతో సహా వచ్చి, పసుపు పొట్లం పొద మొదట్లో పెట్టి కూర్చుంది. పోయేముందు, "అక్కా, ఈసారి నీకు భయం వేస్తే ముందు నాకు చెప్పు" అంది. లోపల్నుంచి రెండు చెవులు కదిలాయి.

వరాలమ్మ ఇప్పటికీ బయటికి రాదు. ఆ పొదలోంచి ఒక కాలే బయటికొస్తుంది. కాకపోతే తెర తోసేముందు, వచ్చినవాళ్ళు ఎంత దగ్గరి చుట్టాలైనా సరే, ఒక్కసారి పాదాలు చూపించమంటుంది.

నీతి: తియ్యటి మాట వినపడితే నోటివంక కాదు, పాదాలవంక చూడాలి.