ముంచేముందు అడగాలి

కెజియా గిటారు కూత పెడుతోంది.

మెల్లగా వాయిస్తే బాగానే ఉండేది. కాస్త సౌండు పెంచితే చాలు, తీగల మీంచి చెయ్యి తీసేసినా లోపల్నించి సన్నగా ఒక కూత మొదలై, పెరిగి పెరిగి చెవులు చిల్లులు పడేలా అరిచేది. కౌలాలంపూర్‌లో వాళ్ల బృందం సాధన చేసే గదిలో మగవాళ్లందరూ ఒక్కసారే చెవులు మూసుకునేవాళ్లు. అంత ఐకమత్యం వాళ్ల తాళంలో ఏనాడూ లేదు.

"పెనాంగ్‌లో కచేరీ నాటికి ఆ కూత ఆగాలి," అన్నాడు బృందానికి పెద్ద వేలన్. "ఆగకపోతే గిటారు మా తమ్ముడు పట్టుకుంటాడు. నువ్వు పాడుదువుగాని. ఆడగొంతు ఒకటుంటే జనానికీ బాగుంటుంది."

వరమిస్తున్నట్టే అన్నాడు.

కెజియాకు ఆ వరం కొత్త కాదు. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో వాళ్ల చర్చికి ఎవరో ఒక గిటారు కానుకగా ఇచ్చారు. పాటల బృందంలో ముందుగా దాన్ని ఒళ్లోకి తీసుకున్నది ఆమే. సంఘపెద్ద వచ్చి తీసుకుని ఆమె తమ్ముడి మెడలో వేశాడు. "నీకు దేవుడు గొంతిచ్చాడు కదమ్మా, మళ్లీ గిటారెందుకు?" అన్నాడు. మగపిల్లలకు చేతులూ ఆడపిల్లలకు గొంతులూ పంచే పని దేవుడు ఆయనకే అప్పజెప్పినట్టు.

ఆ ఆదివారం నుంచి కెజియా పాడలేదు. తమ్ముడు క్రికెట్టుకు పోయిన మధ్యాహ్నాల్లో గిటారు నేర్చుకుంది. ఉద్యోగం ఆమెను మలేషియా తీసుకొచ్చినప్పుడు సొంతంగా కొనుక్కున్న గిటారు వెంట వచ్చింది. పాట రాలేదు.

తప్పు గిటారుది కాదు, పికప్‌ది. తీగల కింద ఉండే చిన్న పెట్టె అది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ, వేల చుట్లు. పైన తీగ వణికితే ఆ వణుకును పట్టుకుని స్పీకరు పెట్టెకు పంపేది అదే. గిటారుకు చెవి లాంటిది. ఫ్యాక్టరీలో గుట్టలుగా పోసేవి కాకుండా, చేత్తో ఒక్కొక్కటే చుట్టిన పికప్ వేసుకుంటే గిటారు స్వభావమే మారిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు.

అలాంటివి చుట్టేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఒకాయన వరసలో ఉండమన్నాడు, ఆ వరస కదల్లేదు. ఒకరు పంపింది కస్టమ్స్ వాళ్ల దగ్గర ఆగి, చివరికి వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఇక కౌలాలంపూర్ షాపులు. "మీ ఆయనకా మేడమ్?" అని ఒకడు. సౌండు పెంచే బొత్తాం ఏదో వేలు పెట్టి చూపించినవాడు మరొకడు.

అలాంటి ఒక షాపులోనే ఆమె ఆ గిటారు విన్నది. గోడకు తగిలించిన పాతది. ఊరికే దించి ఒక్క తీగ మీటింది. ఒళ్లు జలదరించింది. స్వరంతోబాటు వేలు తీగకు తగిలిన చప్పుడూ, వేలి వెనక ఆమె తటపటాయింపూ కూడా వినిపించాయి. అంత నిజం ఏ గిటారులోనూ వినలేదు. షాపువాడు పికప్ విప్పి చూపించాడు. అడుగున వైరుకు ఎర్రదారంతో చిన్న ముడి.

"ఇపో ఊళ్లో మాస్టర్ సన్యా," అన్నాడు. "బోర్డు ఉండదు. అందరికీ ఇవ్వడు."

శనివారం కెజియా ఇపో బస్సెక్కింది.

సున్నపురాతి కొండల కింద ఒకే వరసలో ఇళ్లు. గేటు లోపల లుంగీలాంటి పువ్వుల సారంగ్ కట్టుకున్న పెద్దావిడ బట్టలు ఆరేస్తోంది. తలకు నల్లగా రంగు, నోట్లో క్లిప్పులు.

"మాస్టర్ గారున్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది కెజియా.

పెద్దావిడ దిండుగలీబు దులిపి తాడు మీద వేసింది. నోట్లోంచి క్లిప్పు తీసి పెట్టింది. "మాస్టర్ బట్టలారేస్తోంది. ఆగు," అంది తనూ ఇంగ్లీషులోనే.

కెజియా మొహం కందిపోయింది. "ఛీ, నా బుద్ధి తగలెయ్య," అని గొణుక్కుంది.

పెద్దావిడ చప్పున తిరిగింది.

"ఏ ఊరు పిల్లా మీది?"

అడిగింది తెలుగులో. ఆవిడ తాత ముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వస్తే, వాళ్లతో వచ్చిన తెలుగు అరగకుండా ఇక్కడ ఈ గేటు లోపల నిలబడి ఉంది. మాస్టర్ సన్యా అంటే సన్యాసమ్మ. పేరుకే సన్యాసం. వేళ్లకు ఉంగరాలు, గూట్లో రెండు రకాల సెంటు సీసాలు.

"గురువుగారూ, మీరు చుట్టిన పికప్ ఒకటి కావాలండి."

"గురువూ గిరువూ అనకు, పెద్దమ్మా అను. నాను ఇవ్వను. నువ్వే సుట్టుకో."

"నాకు రాదండి."

"ఒస్తే నాకాడికి ఎందుకొస్తావు?"

అలా శనివారాలన్నీ ఇపోకి పోయాయి. వంటగది పక్క గదిలో పాత కుట్టుమిషను మోటారుతో తిరిగే చిన్న యంత్రం. తిరిగేది అదే, తీగను నడిపించేది మాత్రం బొటనవేలూ చూపుడువేలూ. గట్టిగా పట్టుకుంటే తీగ తెగుతుంది. వదిలేస్తే చుట్టు లూజవుతుంది. తీగ కంటికి సరిగ్గా కనిపించను కూడా కనిపించదు, తెగినప్పుడు మాత్రం తెలుస్తుంది.

"ఒలమ్మా, మళ్లీ తెంపీసినావా? పళ్లు కొరక్కు పిల్లా. నీ పళ్లు ఎంత బిగిస్తే నీ ఏళ్లు అంత బిగుస్తాయి."

సన్యాసమ్మ చుట్టేటప్పుడు ఏదో ఒకటి కూనిరాగం తీస్తూనే ఉండేది. ఒకసారి, "నువ్వేటీ పాడవా?" అంది.

"పాడనండి."

"సరే," అంది. ఎందుకని అడగలేదు.

వయసులో ఉన్నప్పుడు ఆమె పెనాంగ్‌లో రాగితీగ చుట్టే ఒక ఫ్యాక్టరీలో పనిచేసిందట. వరసంతా ఆడవాళ్లే. నోరు విప్పితే సూపర్వైజరు బల్ల మీద స్కేలుతో కొట్టేవాడు. తప్పొస్తే ఎవరి తప్పో తెలియాలని ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ఇచ్చి ముడి వేయించేవాడు. "నాది ఎరుపు," అంది సన్యాసమ్మ. "తిట్టడానికిచ్చినాడు. నాను సంతకం సేసుకున్నాను."

పెనాంగ్ కచేరీ వారంలోకి వచ్చేసరికి కెజియా చుట్టిన పికప్ పూర్తయింది. గిటారులో బిగించుకుంది. తీగ మీటింది. షాపులో విన్న ఆ నిజం, ఇక్కడ తన వేళ్ల కింద! ఆనందం ఆపుకోలేక సౌండు పెంచింది.

గిటారు కూత పెట్టింది. పాతదానికన్నా పెద్దగా, గోడలు అదిరేలా.

కెజియా స్విచ్చి కట్టేసి నేల మీద కూలబడింది. "ఇదీ అంతే! వచ్చే శనివారమే పెద్దమ్మగారూ కచేరీ. గిటారు లాక్కుని నన్ను పాడమంటారు. చిన్నప్పుడూ అదే, ఇప్పుడూ అదే."

"ఆకరి పని మిగిలిపోయింది గదా," అంది సన్యాసమ్మ తాపీగా. స్టవ్ మీద నీళ్ల గిన్నె పెట్టి, అందులో ఇంకో గిన్నె దించింది. లోపలి గిన్నెలో మైనం ముద్దలు వేసింది. "పికప్‌ని మైనంలో ముంచితే సందుల్లోకి దిగి సుట్లన్నీ బిగుసుకుంటాయి. సుట్లు కదిల్తే పక్కనున్న సప్పుళ్లన్నీ దానికి ఇనపడతాయి. బిగుసుకుంటే తీగలు తప్ప దానికి మరోటి ఇనపడదు. కూత పోద్ది."

"నిజంగా పోతుందాండి?"

"పోద్ది. ముంచమన్నోళ్లందరికీ ముంచే ఇస్తాను."

కెజియా లేచి స్క్రూడ్రైవరు అందుకుంది. "ముంచేద్దామండి!"

"ఆగు. ముంచేముందు దాన్ని అడగాల. నాకాడ అదే పద్దతి. అడక్కుండా ముంచీసేది ఫ్యాక్టరీలోన."

సన్యాసమ్మ గిటారు తీసి కెజియా ఒళ్లో పెట్టింది. గది మూల ఉన్న స్పీకరు పెట్టె స్విచ్చి వేసి, సౌండు కూతకు ఒక్క పిసరు ఇవతల ఆపింది. వెళ్లి స్టవ్ పక్కన నిలబడింది.

కెజియాకు నవ్వొచ్చింది. కానీ ఆవిడ నవ్వడం లేదు. కెజియా గిటారు మీదికి వంగింది.

"ఏమని అడగాలి?"

*ఏమని అడగాలి*, అంది గది మూల నుంచి ఒక గొంతు.

కెజియా ఉలిక్కిపడి తలెత్తింది. మూల ఎవరూ లేరు. స్పీకరు పెట్టె ఒక్కటే ఉంది.

మళ్లీ వంగింది. ఈసారి పెదవులు పికప్‌కు తగిలేంత దగ్గరగా, గుసగుసగా అంది.

"ముంచితే కూత పోతుంది. ఇంకేం పోతుంది?"

*ఇంకేం పోతుంది*, అంది పెట్టె. అది కెజియా గొంతే. అయితే రాగితీగ గుండా నడిచి వచ్చిన గొంతు. చుట్టూ ఆరు తీగలూ సన్నగా మోగుతూ దాన్ని పట్టుకుని ఉన్నాయి. ఎక్కడో చాలా దూరంలో, ఖాళీ చర్చిలో ఒక పిల్ల నిలబడి అడుగుతున్నట్టు ఉంది. తన గొంతును తాను విని ఎన్నాళ్లయిందో కెజియాకు గుర్తు రాలేదు. ఊపిరి పీల్చింది. పెట్టె కూడా పీల్చింది.

స్టవ్ మీద మైనం కరుగుతోంది.

ఆమె మెల్లగా లేచి నిలబడింది. పెట్టె వైపు తిరిగేసరికి సన్నగా కూత లేచింది. కెజియా కంగారుగా బొత్తాం మీదికి చెయ్యి పోనిచ్చింది. ఈలోగా సన్యాసమ్మ వెనకనుంచి వచ్చి ఆమె భుజాలు పట్టుకుని కొద్దిగా పక్కకు తిప్పింది. కూత తగ్గింది. ఇంకాస్త తిప్పింది. పూర్తిగా అణిగిపోయింది. మళ్లీ పెట్టె వైపు తిప్పింది. కూత లేచి, తీగ మీద కెజియా వేలు ఎక్కడుందో అక్కడికి వచ్చి ఆగింది. అది ఇప్పుడు కూత కాదు, స్వరం. వేలు జరిపితే వెంట జరిగింది. ఎంతసేపు నిలబెడితే అంతసేపు నిలబడింది, సముద్రం మీద ఓడ వేసే హారన్ లాగా.

కెజియా ఒక్క అడుగు వెనక్కి వేసింది. స్వరం ఆగింది. ముందుకు వేసింది. లేచింది.

సన్యాసమ్మ భుజాల మీంచి ఎప్పుడు చేతులు తీసేసిందో ఆమెకు తెలియలేదు.

ఫోను మోగింది. వేలన్ మెసేజి. *కూత ఆగిందా?*

కెజియా టైపు చేసింది. *నేను ఆగమన్నప్పుడు ఆగుతుంది. మీ తమ్ముడు ఖాళీగా ఉంటే పాడమను.*

సన్యాసమ్మ గరిటెతో మైనం కలిపింది. "కరిగిపోయింది పిల్లా. ఏటంది అది?"

కెజియా వెళ్లి స్టవ్ ఆర్పేసింది.

పెద్దావిడ గూట్లోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి మూత తెరిచి ముందుకు జరిపింది. లోపల దారపు ఉండలు, అన్ని రంగులూ. ఎరుపు ఒక్కటే లేదు.

కెజియా చాలాసేపు చూసి పసుపు దారం తీసుకుంది. తీగలు వదులు చేసి, మరలు విప్పి, పికప్‌ను పైకెత్తింది. అడుగున వైరు చుట్టూ దారం తిప్పుతూ వంగి కూర్చుంది. దారం సన్నం, వేళ్లకు చెమట. ఒకసారి జారిపోయింది. మళ్లీ తిప్పింది.

అలా తిప్పుతూ తిప్పుతూ తను కూనిరాగం తీస్తున్న సంగతి ఆమె గమనించలేదు.

గిటారు మీద తీగలన్నీ వదులుగా వేలాడుతున్నాయి. ఒక్కటీ మోగడం లేదు. అయినా మూల ఉన్న పెట్టెలోంచి ఆ రాగం వస్తోంది.

కెజియా చేతులు ఆగిపోయాయి. పెట్టె కూడా ఆగింది.

సన్యాసమ్మ వాకిట్లో బట్టలు తీస్తోంది. కిటికీలోంచి ఇటు చూడకుండానే అంది.

"ఆపకు. ముడి కట్టు."